పది మిల్లీగ్రాముల మీద ఇంత భారమా?

ఎదిగిన మనిషి ఒంట్లో ఉన్న సెరటోనిన్ అంతా పోగేసి తూచితే సుమారు 10 మిల్లీగ్రాములు తూగుతుంది. జ్వరమొస్తే వేసుకునే డోలో 650 బిళ్లలోని మందులో ఇది 65వ వంతు. ఇంత పిసరు రసాయనానికి మనం అప్పజెప్పిన ఉద్యోగం మాత్రం చాలా పెద్దది. సంతోషం, దిగులు, నిద్ర, ఆకలి, కోపం, అన్నిటి పూచీ దాని నెత్తినే పెట్టాం. 'హ్యాపీ హార్మోన్' అని ముద్దుపేరు పెట్టి, దాన్ని పెంచే అయిదు పండ్లు, ఏడు ఆసనాలు అంటూ వీడియోలు తీస్తున్నారు. కుంగుబాటుతో ఆసుపత్రికి వెళ్తే "మెదడులో ఒక కెమికల్ తగ్గిందమ్మా, మందుతో సర్దుకుంటుంది" అని ఒక్క ముక్కలో తేల్చేసే డాక్టర్లూ ఉన్నారు. షుగరుకు ఇన్సులిన్, థైరాయిడ్‌కు థైరాక్సిన్, దిగులుకు సెరటోనిన్. వినడానికి లెక్క సరిపోయినట్టే ఉంటుంది.

సరిపోలేదని చెప్పేవి అంకెలే. అలాగని ఆ మాత్రలు శుద్ధ దండగ అని కూడా ఆ అంకెలు చెప్పవు. ఈ రెండు సంగతులనూ విడివిడిగా చూడకపోవడం వల్లే ఒకరు ఆ మాత్రలను మహిమ అంటున్నారు, మరొకరు మోసం అంటున్నారు.

పేగులది పేగులకే

ఈ 10 మిల్లీగ్రాముల్లో 90 శాతానికి పైగా ఉండేది పేగుల్లో. పేగు లోపలి పొరలోని ప్రత్యేక కణాలు దాన్ని తయారుచేస్తాయి. తిన్నది ముందుకు జరిగేలా పేగులు కదలడంలో దానికి పెద్ద పాత్ర ఉంది. అక్కడి నుంచి కొంత రక్తంలోకి వస్తే ప్లేట్‌లెట్లు పట్టేసుకుంటాయి. వేలు తెగినప్పుడు ఆ ప్లేట్‌లెట్లు దాన్ని వదిలి, అక్కడి రక్తనాళం బిగుసుకునేలా చేస్తాయి. మెదడు వాటాకు వచ్చేది కొద్ది శాతమే.

ఆ కొద్దీ మెదడు సొంతంగా తయారుచేసుకోవాల్సిందే. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను సెరటోనిన్ దాటలేదు. పేగుల్లోది పేగులకే, మెదడులోది మెదడుకే. తయారీకి కావలసిన ఎంజైము కూడా రెండు చోట్లా ఒకటి కాదు. పేగుల్లో పనిచేసే జన్యువు ఒకటి, మెదడులో పనిచేసే జన్యువు మరొకటి అని 2003లో బెర్లిన్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో తేల్చారు. "పొట్ట బాగుంటే సెరటోనిన్ పెరుగుతుంది, అది పెరిగితే మనసు బాగుంటుంది" అనే మాటలో ఈ గోడ ఊసే ఉండదు. పేగులకూ మెదడుకూ నాడుల ద్వారా సంబంధం ఉన్న మాట నిజమే. అది వేరే దారి.

మెదడులో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. వాటిలో సెరటోనిన్ తయారుచేసేవి కొన్ని లక్షలు మాత్రమే. అంటే లక్ష కణాలకు ఒక్కటి కూడా పడదు. ఇవన్నీ మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోటికి కాస్త పైన, నడిమధ్య గీత వెంట గుంపులు గుంపులుగా ఉంటాయి. రాఫే కేంద్రకాలు అంటారు వీటిని. ఉన్నది గుప్పెడే అయినా వీటి తీగలు పైన ఆలోచనలు నడిపే పొర దాకా, కింద వెన్నుపాము దాకా పాకిపోయి ఉంటాయి. ఇన్నిన్ని పనుల్లో సెరటోనిన్ పేరు వినిపించడానికి కారణం ఇదే.

పైగా అది వెళ్లి అతుక్కునే గ్రాహకాలు 7 కుటుంబాలు, కనీసం 14 రకాలు. ఒక్కో రకంతో ఒక్కో ఫలితం. పిల్లలకు వాంతులైతే డాక్టరు రాసే ఆండన్‌సెట్రాన్ సిరప్ ఒక రకం సెరటోనిన్ గ్రాహకాన్ని మూసేస్తుంది. మైగ్రేన్‌కు వాడే సుమాట్రిప్టాన్ ఇంకో రకాన్ని తట్టి లేపుతుంది. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు లేనిపోని దృశ్యాలు చూపించేది మరో రకం ద్వారా. కందిరీగ విషంలో సెరటోనిన్ ఉంది. దూలగొండి కాయ మీది నూగులోనూ ఉంది. అక్కడ దురదకు అసలు దోషి అది కాదు, ఒక మాంసకృత్తి అనుకోండి. అయినా దీన్ని 'ఆనంద రసాయనం' అని రాసేవాళ్లను ఒక్కసారి పొలం గట్టు మీద దూలగొండి పక్కనుంచి నడిపిస్తే బాగుండుననిపిస్తుంది.

ఆల్చిప్పల నుంచి మెదడుకు

మెదడు ప్రస్తావనే లేకుండా ఈ రసాయనం రెండుసార్లు దొరికింది. 1930లలో ఇటలీలో విట్టోరియో ఎర్‌స్పామర్ దీన్ని పేగుల్లో పట్టుకుని ఎంటెరమిన్ అన్నాడు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మారిస్ రాపోర్ట్, ఆర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ పశువుల రక్తం నుంచి దీన్ని వేరుచేసి సెరటోనిన్ అన్నారు. వాళ్లు వెతుకుతున్నది రక్తపోటుకు కారణమయ్యే పదార్థాన్ని. రెండూ ఒకటేనని 1952లో తేలింది.

మెదడులోనూ ఉందని చూపించింది బెట్టీ ట్వారోగ్. హార్వర్డ్‌లో ఆమె పరిశోధన మస్సెల్ అనే సముద్రపు ఆల్చిప్పల మీద. ఈ జీవి ఒకసారి చిప్పలు మూసుకుందంటే దాని కండరం గంటల తరబడి బిగుసుకునే ఉంటుంది. ఆ బిగువును సడలించేది ఏమిటన్నది ఆమె ప్రశ్న. జవాబు సెరటోనిన్ అని వచ్చింది. వెన్నెముక లేని జీవిలో నాడుల కబురు మోసే రసాయనం, మన మెదడులో మాత్రం ఎందుకు ఉండకూడదని ఆమెకు తట్టింది. క్లీవ్‌లాండ్ వెళ్లి పేజ్‌ను అడిగితే ఆయనకు పెద్దగా నమ్మకం కుదరలేదు. అయినా ప్రయోగశాలలో చోటిచ్చాడు. క్షీరదాల మెదడులో సెరటోనిన్ ఉందంటూ 1953లో వాళ్లిద్దరి పేర్లతో వ్యాసం వచ్చింది. విడ్డూరమేమిటంటే దీనికి దారి చూపిన ఆల్చిప్పల వ్యాసం 1954 దాకా అచ్చే కాలేదు.

దీనికీ మనసుకూ ముడి పడటంలో మన దేశపు మొక్క ఒకటి ఉంది. సర్పగంధ వేరు ఉన్మాదానికీ రక్తపోటుకూ పనిచేస్తుందని 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్, రక్తపోటు రోగుల మీద దాని ప్రభావాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించేసరికి ప్రపంచం చెవి ఇటు తిరిగింది. 1952లో స్విట్జర్లాండ్ కంపెనీ సీబా ఆ వేరు నుంచి రెసర్పిన్ అనే మందు తీసింది. వాడినవారిలో కొందరు దిగాలుపడిపోతున్నారని డాక్టర్లు చెప్పడం మొదలైంది. రెసర్పిన్ ఇచ్చిన జంతువుల మెదడులో సెరటోనిన్ నిల్వలు ఖాళీ అవుతున్నాయని 1955లో అమెరికాలో బెర్నార్డ్ బ్రాడీ బృందం కనిపెట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎదురు దిక్కు నుంచి ఇంకో వార్త. న్యూయార్క్‌లో స్టేటెన్ ఐలాండ్ మీద సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇప్రోనయాజిడ్ ఇస్తే, మంచాన పడినవాళ్లు లేచి హుషారుగా తిరగసాగారు. ఈ మందు మెదడులో సెరటోనిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటుంది. 1957లో నేథన్ క్లైన్ దాన్ని కుంగుబాటు రోగులకు వాడి చూపాడు. తగ్గించే మందుతో దిగులు, పెంచే మందుతో హుషారు. ఇంకేం, దిగులంటే సెరటోనిన్ లోటేనని బ్రిటన్‌లో అలెక్ కాపెన్ 1967లో ప్రతిపాదించాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. రెసర్పిన్ ఖాళీ చేసేది సెరటోనిన్‌ను ఒక్కదాన్నే కాదు. నోరెడ్రినలిన్, డోపమిన్ కూడా పోతాయి. ఇప్రోనయాజిడ్ పెంచేదీ ఆ మూడింటినీ. అందుకే కాపెన్ కంటే రెండేళ్ల ముందు, 1965లో, అమెరికాలో జోసెఫ్ షిల్డ్‌క్రాట్ ఇంచుమించు ఇవే సాక్ష్యాలు చూసి నేరం నోరెడ్రినలిన్ మీద మోపాడు. సెరటోనిన్‌కు పేరు రావడం తర్వాతి కథ. రెసర్పిన్ దిగులు తెస్తుందన్న మాటకే గట్టి ఆధారం లేదని కూడా తర్వాతి సమీక్షలు అన్నాయి.

సెరటోనిన్‌కు కిరీటం పెట్టింది ఒక మాత్ర. స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ ఆలోచనతో తయారైన జిమెలిడిన్ 1982లో బజారుకు వచ్చి, నరాల జబ్బు తెస్తోందని మరుసటి ఏడాదే వెనక్కి పోయింది. ఎలై లిల్లీ కంపెనీ ఫ్లూయాక్సిటిన్‌కు 1987 డిసెంబరులో అమెరికా అనుమతి వచ్చింది. ప్రోజాక్ అన్నది దాని వ్యాపార నామం. పాత మందులతో పోలిస్తే మోతాదు మించినా ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం తక్కువ, రోజుకు ఒక్కటే మాత్ర. టీవీల్లో మందుల ప్రకటనలకు అమెరికా 1997లో నిబంధనలు సడలించాక, మెదడులో రసాయనాల సమతూకం తప్పడమే కుంగుబాటు అన్న మాట నట్టింట్లోకి వచ్చి కూర్చుంది. ఆ మాట కొంత మేలు కూడా చేసిందని ఒప్పుకోవాలి. "నీ మనసే బలహీనం" అనిపించుకునే మనిషికి "ఇది ఒంట్లో లోపమే" అనే మాట పెద్ద ఊరట.

గంటల్లో పని, వారాల్లో ఫలితం

ఫ్లూయాక్సిటిన్, సెర్ట్రాలిన్, ఎసిటలోప్రామ్, ఏదైనా చేసే పని ఒకటే. ఒక కణం విడిచిన సెరటోనిన్‌ను అదే కణం తిరిగి లోపలికి లాక్కుంటుంది. ఆ లాక్కునే ద్వారాలను ఈ మందులు మూసేస్తాయి. మామూలు మోతాదులోనే సుమారు 80 శాతం ద్వారాలు మూసుకుంటాయని మెదడు స్కానుల్లో కనిపించింది. మూయడం మొదలయ్యేది మొదటి మాత్ర పడిన కొన్ని గంటల్లో. మనిషి తేరుకునేది 2 నుంచి 6 వారాల్లో. లోటు పూడ్చడమే వైద్యమైతే ఈ ఆలస్యం దేనికి?

దీన్ని తిరగేసి పరీక్షించినవాళ్లు ఉన్నారు. సెరటోనిన్‌కు ముడిసరుకు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. అది తిండి ద్వారానే రావాలి. ట్రిప్టోఫాన్ ఒక్కటీ లేకుండా మిగతా అమైనో ఆమ్లాలన్నీ కలిపిన పానీయం తాగిస్తే కొన్ని గంటల్లో రక్తంలో ట్రిప్టోఫాన్ బాగా పడిపోతుంది, మెదడులో సెరటోనిన్ తయారీ మందగిస్తుంది. 1990లో అమెరికాలో, మందులతో కోలుకున్న 21 మంది కుంగుబాటు రోగులకు ఇలా ఇచ్చారు. 14 మందికి దిగులు తిరిగి వచ్చేసింది. మళ్లీ మామూలు భోజనం పెట్టాక ఒకటి రెండు రోజుల్లో సర్దుకున్నారు. అయితే సెరటోనిన్ కథ నిజమేనన్నమాట అని అక్కడితో ఆగిపోవచ్చు. కానీ కుంగుబాటు ఎరగని, కుటుంబంలోనూ ఆ చరిత్ర లేని మనుషులకు అదే పానీయం ఇస్తే వాళ్ల మనసు ఏమీ చలించలేదు. సెరటోనిన్ పడిపోయింది, మనిషి మాత్రం మామూలుగానే ఉన్నాడు. ఈ ప్రయోగం వేర్వేరు చోట్ల మళ్లీ మళ్లీ చేసినా ఇంచుమించు ఇదే తేలింది. నా మటుకు ఈ కథనంలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదే. మందుతో కోలుకున్న మనిషి సెరటోనిన్ మీద ఆధారపడి నిలబడుతున్నాడేమో గానీ, అది తగ్గడమే జబ్బుకు మొదలని దీని నుంచి తేలదు.

ఎలుకల్లో ఇంకా దూరం వెళ్లారు. మెదడులో సెరటోనిన్ తయారయ్యే జన్యువును పూర్తిగా తీసేసిన ఎలుకలు పుట్టాయి, బతికాయి. మొదట్లో ఎదుగుదల మందగించింది. పెద్దయ్యాక కలహప్రియులయ్యాయి. తల్లులైనవి పిల్లలను పట్టించుకోలేదు. మనుషుల జన్యువుల సంగతికొస్తే, న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 847 మందిని గమనించి, సెరటోనిన్‌ను లాక్కునే ద్వారం తాలూకు జన్యువు పొట్టిగా ఉన్నవాళ్లు కష్టాలొస్తే ఎక్కువగా కుంగిపోతున్నారని 2003లో ఒక అధ్యయనం చెప్పింది. దాని మీద పుస్తకాలొచ్చాయి, కెరీర్లు నిలబడ్డాయి. 2019లో 4.43 లక్షల మంది దాకా వివరాలతో, బాగా పేరున్న 18 జన్యువులను మళ్లీ పరీక్షిస్తే ఒక్కదానికీ ప్రత్యేకత నిలవలేదు. అదే ఏడాది 8 లక్షల మందికి పైగా జన్యువులు చూసిన మరో బృందానికి కుంగుబాటుతో సంబంధం ఉన్న తేడాలు 102 కనిపించాయి. ఒక్కోదాని వాటా అతి స్వల్పం.

2022 జులైలో లండన్‌కు చెందిన జొయానా మాన్‌క్రీఫ్ బృందం ఇలాంటి పరిశోధనల సమీక్షలన్నీ ఒకచోట చేర్చి, సెరటోనిన్ తగ్గడం వల్లే కుంగుబాటు వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని తేల్చింది. మానసిక వైద్య నిపుణులు కొందరు వాళ్ల పద్ధతిని తప్పుపట్టారు. ఆ వెంటే లండన్‌లోనే మరో బృందం 17 మంది రోగులనూ 20 మంది ఆరోగ్యవంతులనూ స్కాన్ చేసి, రోగుల మెదడులో సెరటోనిన్ విడుదల తక్కువగా ఉందని చూపించింది. 17 మందితో ఏ సిద్ధాంతమూ నిలబడదు, అలాగని కొట్టిపారేయనూ లేం. ఈ తగువులో జనానికి చేరింది మాత్రం 'డిప్రెషన్ మాత్రలు వేస్ట్' అనే శీర్షిక. మాన్‌క్రీఫ్ సమీక్ష కొలిచింది జబ్బుకు కారణాన్ని. మందు పనిచేస్తుందా లేదా అన్నది అందులోని ప్రశ్నే కాదు.

52 మార్కుల పరీక్ష

మందు పనితనాన్ని కొలిచే బద్ద ఒకటి ఉంది. 1960లో బ్రిటన్‌లో మ్యాక్స్ హామిల్టన్ తయారుచేసిన 17 ప్రశ్నల పట్టిక అది. డాక్టరు ఎదురుగా కూర్చుని అడుగుతూ మార్కులు వేస్తారు. దిగులుకు 0 నుంచి 4. అపరాధ భావానికి 4 దాకా. చనిపోవాలన్న ఆలోచనకు 4 దాకా. పని మీద ఆసక్తి పోవడానికి 4. నిద్రకు మూడు ప్రశ్నలు: పడుకోగానే పడుతుందా, మధ్యలో మెలకువ వస్తుందా, తెల్లారకుండానే లేచేస్తున్నారా? ఒక్కోదానికి 2, వెరసి 6 మార్కులు. అన్నీ కలిపి 52. ఎన్ని మార్కులొస్తే జబ్బు అంత ముదిరినట్టు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు 1979 నుంచి 2016 దాకా చేరిన 232 ప్రయోగాలను, 73,388 మంది రోగుల వివరాలతో సహా, 2022లో ఒక బృందం జల్లెడ పట్టింది. మందు మింగినవాళ్లకూ మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకూ మధ్య సగటు తేడా 1.75 మార్కులు. 52కి 1.75! నిద్ర కాస్త కుదురుకుంటే చాలు, ఆ మేరకు మార్కులు తగ్గిపోతాయి. విమర్శకులు పట్టుకునేది ఈ అంకెనే.

సగటు లోపలికి తొంగి చూస్తే బొమ్మ మారుతుంది. అదే విశ్లేషణ ప్రకారం మందు వల్ల చెప్పుకోదగ్గ మేలు, అంటే ఉత్తుత్తి మాత్రతో రానంత మేలు, పొందేవారు నూటికి సుమారు 15 మంది. మిగతావారిలో చాలామంది రెండు గుంపుల్లోనూ ఒకేలా మెరుగయ్యారు. డాక్టరు వారం వారం కూర్చోబెట్టి మాట్లాడటం, రోజులు గడవడం, ఆశ కలగడం, వీటికీ బలం ఉంది. ఉత్తుత్తి మాత్రతో మెరుగయ్యేవారే నూటికి 35 నుంచి 40 మంది. మందుతో ఇంచుమించు 50. ఆ తేడాలో ఉన్న పదీ పదిహేను మందికి మాత్రం అది జీవితమంత తేడా.

2018లో లాన్సెట్ పత్రికలో ఆండ్రియా చిప్రియానీ బృందం 522 ప్రయోగాలు, 1,16,477 మంది రోగులు, 21 మందులు తీసుకుని లెక్కవేస్తే, 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగనే తేలింది. అచ్చయిన ప్రయోగాలను మాత్రమే చూస్తే మందుల పేరు ఇంకా వెలిగిపోయేది. 2008లో బయటపడిన సంగతి ఒకటి చెప్పాలి. అమెరికా సంస్థ దగ్గర నమోదైన 74 ప్రయోగాల్లో 31 శాతం అసలు పత్రికలకెక్కనే లేదు. అచ్చయినవి చదివితే 94 శాతం విజయం, సంస్థ దస్త్రాల్లో చూస్తే 51 శాతం. ఓడిన ప్రయోగాలు సొరుగుల్లో ఉండిపోయాయి. ఈ రంగంలో ఏ అంకె కనిపించినా 'అచ్చు కానివి ఎన్ని?' అని అడగాల్సిందే.

మరో మాట, ఒక మందు పడకపోతే? అమెరికాలో స్టార్-డీ అనే పెద్ద అధ్యయనం 2006లో ముగిసింది. మొదటి మందుతో లక్షణాలు దాదాపు పోయినవారు 28 శాతం. మందులు మారుస్తూ నాలుగు మెట్లూ ఎక్కితే మొత్తం 67 శాతం అని చాలాకాలం చెప్పుకున్నారు. 2023లో అవే వివరాలను తిరిగి లెక్కిస్తే 35 శాతమే వచ్చింది. మొదటి మాత్రే సరిపడుతుందన్న హామీ ఎవరికీ లేదు. సరిపడకపోతే రోగి తప్పూ కాదు.

బాగయ్యాక ఆపేయవచ్చా అన్నది ఇళ్లలో ఎక్కువగా వినిపించే ప్రశ్న. చాలాకాలంగా మందు వాడుతూ ఆరోగ్యంగా ఉన్న 478 మందిని బ్రిటన్‌లో రెండు గుంపులు చేశారు. కొనసాగించినవారిలో ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది 39 శాతానికి. నెమ్మదిగా ఆపినవారిలో 56 శాతానికి. 2021లో వచ్చిన ఈ ఫలితాన్ని రెండు వైపుల నుంచీ చదవచ్చు. ఆపితే ప్రమాదం పెరుగుతుంది. ఆపినవారిలో 44 శాతం ఏడాది పాటు బాగానే ఉన్నారు కూడా. ఆపినప్పుడు తల తిప్పడం, చిరాకు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండటం వంటివి నూటికి 31 మందికి వస్తాయని 2024 సమీక్ష చెబుతోంది. ఉత్తుత్తి మాత్ర ఆపినవారిలోనూ 17 మందికి వచ్చాయి కాబట్టి మందు ఖాతాలో పడేది సుమారు 15 శాతం. బాగా ఇబ్బంది పడేవారు 3 శాతం లోపే. పద్ధతిగా, డాక్టరు చెప్పిన లెక్కలో తగ్గించుకుంటూ రావాలి.

చిన్న వయసువారి సంగతి వేరు. 24 ప్రయోగాల్లోని సుమారు 4,400 మంది పిల్లల వివరాలు చూసి, ఆత్మహత్య ఆలోచనలు ఉత్తుత్తి మాత్రతో 2 శాతం, మందుతో 4 శాతం అని 2004లో అమెరికా హెచ్చరిక పెట్టింది. ఆ ప్రయోగాల్లో ప్రాణనష్టం లేదు. తర్వాత ఆ హెచ్చరికను 24 ఏళ్ల దాకా పొడిగించారు. మొదటి వారాల్లో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలన్నదే దాని సారం.

సెరటోనిన్ లోటు పూడ్చడం కాకపోతే ఈ మందులు చేస్తున్నదేమిటి? ఆక్స్‌ఫర్డ్‌లో క్యాథరిన్ హార్మర్ ప్రయోగాలు నాకు నచ్చిన జవాబు. ముఖాల ఫొటోలు చూపించి ఏ భావమో చెప్పమంటారు. కుంగుబాటులో ఉన్న మనిషికి మామూలు ముఖంలోనూ విసుగో విచారమో కనిపిస్తుంది. మందు మొదలైన కొద్ది రోజుల్లోనే, మనసు తేలికపడకముందే, ఈ మొగ్గు తగ్గుతుంది. ఆ తర్వాత మనుషులతో మాటా మంతీ, పనులూ నడుస్తుంటే వారాల మీద మనసు తేరుకుంటుందని ఆమె వాదన. నాడీకణాలు కొత్త కొమ్మలు వేసుకోవడం వల్ల ఆలస్యమవుతుందని మరికొందరు అంటారు. రెండూ నిజమే కావచ్చు.

అరటిపండూ, ల్యాబు పరీక్షా

తిండి గురించి క్లుప్తంగా. అరటిపండులో సెరటోనిన్ ఉంది. కానీ అది మెదడు గోడ దాటదు. ట్రిప్టోఫాన్ దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన కిలో బరువుకు రోజుకు 4 మిల్లీగ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి 240. ఒక కోడిగుడ్డులో సుమారు 80, 100 గ్రాముల కందిపప్పులో దాదాపు 200 ఉంటాయి. పప్పూ పెరుగూ తినే ఇంట్లో దీనికి కరవు రాదు. ఎక్కువ తింటే ఎక్కువ సెరటోనిన్ తయారవుతుందనీ లేదు. తిన్న ట్రిప్టోఫాన్‌లో సెరటోనిన్‌గా మారేది 1, 2 శాతమే. మెదడులోకి వెళ్లే ద్వారం దగ్గర మిగతా అమైనో ఆమ్లాలు కూడా పోటీపడతాయి.

ల్యాబుల్లో సెరటోనిన్ రక్తపరీక్ష దొరుకుతుంది. అది కార్సినాయిడ్ అనే అరుదైన గడ్డలను పట్టుకోవడానికి. మనసు సంగతి అది చెప్పలేదు, డబ్బు వృథా. ఆన్‌లైన్‌లో అమ్మే ట్రిప్టోఫాన్, 5-హెచ్‌టీపీ గుళికలతో ఇంకా జాగ్రత్త. 1989లో అమెరికాలో కల్తీ ట్రిప్టోఫాన్ గుళికల వల్ల 1,500 మందికి పైగా జబ్బుపడ్డారు, 30 మందికి పైగా చనిపోయారు. డిప్రెషన్ మాత్రలు వాడుతూ వీటిని మింగినా, ట్రమడాల్ నొప్పి మాత్రలు, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ దగ్గు మందు, లినెజోలిడ్ యాంటీబయాటిక్ వంటివి కలిసినా సెరటోనిన్ హద్దు మీరవచ్చు. ఒళ్లు వణకడం, చెమటలు, కండరాలు ఎగిరెగిరి పడటం, జ్వరం దాని గుర్తులు. మెడికల్ షాపులో ఏ మందు కొన్నా వాడుతున్న మాత్ర పేరు చెప్పి తీరాలి.

మన లెక్కలకొస్తే, 2017 నాటికి దేశంలో కుంగుబాటుతో ఉన్నవారు 4.57 కోట్లు. ఆ జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో తెలుగు రాష్ట్రాలు లేవు. అందులో తేలిన ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటు చూసినవారు ప్రతి 20 మందిలో ఒకరు. మానసిక సమస్యలున్నవారిలో 80 శాతానికి పైగా వైద్యం అందనివారే. లక్ష జనాభాకు మానసిక వైద్యులు 0.75 మంది. మాత్రలు ఎక్కువ మింగేస్తున్నామా అన్నది అమెరికా గొడవ. మన దగ్గర మాత్ర దాకా వెళ్లినవాళ్లే తక్కువ. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెప్పి వెక్కిరించే అలవాటు ఉన్న చోట అంతకన్నా ఏం జరుగుతుంది?

వైద్యులు లేనిచోట ఏం చేయవచ్చో గోవాలో విక్రమ్ పటేల్ బృందం చూపించింది. డాక్టర్లు కాని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, తీవ్ర కుంగుబాటులో ఉన్న 495 మందిలో సగం మందితో 6 నుంచి 8 విడతలు మాట్లాడించారు. ఆగిపోయిన పనులు ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టించడమే చికిత్స. మూడు నెలలకు లక్షణాలు తగ్గినవారు 64 శాతం. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఈ ఫలితానికి సెరటోనిన్‌ను ఎవరూ కొలవలేదు. అమెరికాలో 1999లో 156 మందితో జరిగిన మరో ప్రయోగంలో 16 వారాల వ్యాయామం, సెర్ట్రాలిన్ మాత్ర ఇంచుమించు సమానంగా పనిచేశాయి. తీవ్రమైన కుంగుబాటులో మంచం దిగడమే గగనమైన మనిషికి "వాకింగ్‌కు వెళ్లు" అని సలహా పడేసి ఊరుకోకూడదు. అలాంటివారికి మాత్రే మొదటి ఊతం అవుతుంది.

రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే, నిద్రా ఆకలీ చెడితే, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే డాక్టరుకు చూపించుకోండి. వాడుతున్న మాత్రను ఈ కథనం చదివో ఇంకో వీడియో చూసో సొంతంగా ఆపకండి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు కూడా ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళ చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.